నాలుగు రోజుల ఎండ

నేను ఒక పెద్ద యాట్‌కి కెప్టెన్ని. ఒకే ఒక్క ధనవంతుడి సొంత ఓడ అది. థాయిలాండ్ వైపు దీవుల మధ్య తిరుగుతుంటుంది. ఏడాది మొత్తంలో ఆయన అందులో ఉండేది నెలన్నర. మిగతా రోజులన్నీ పద్నాలుగు మందిమి దాన్ని కడుక్కుంటూ, తుడుచుకుంటూ, ఆయన ఎప్పుడొస్తారా అని ఎదురు చూస్తుంటాం. నర్సీపట్నంలో మావాళ్లకి ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు. "మనిసి నేకుండా ఓడెందుకు బాబూ?" అని అడుగుతారు. నా దగ్గర జవాబు లేని ప్రశ్న అదొక్కటేనని గొప్పగా చెప్పుకునేవాణ్ణి.

మిగతా అన్నిటికీ జవాబు చెప్పడమే నా ఉద్యోగం. పొద్దున్నే కాఫీ కప్పుతో డెక్ మీదికొచ్చి యజమాని అడుగుతారు, ఈరోజు వాతావరణం ఎలా ఉంటుందని. చూడాలండీ, చెప్పలేమండీ అంటే ఆయనకు నచ్చదు. సాయంత్రం దాకా చినుకు రాదని తడుముకోకుండా చెప్పాలి. సముద్రం మీద ఆకాశం నలువైపులా కనిపిస్తుంది కాబట్టి చాలాసార్లు నా మాట నిజమే అవుతుంది. కాకపోతే మాత్రం ఏముంది, డెక్ మీద పరుపులు తడుస్తాయి. నలుగురం పరిగెత్తి లోపలికి తెస్తాం.

మా అన్నయ్య గొలుగొండ దగ్గర వరి పండిస్తాడు. కోతల ముందు నాకు ఫోన్ చేయడం ఆయనకు అలవాటు. కోసిన వరి నాలుగు రోజులు పొలంలో పరిచిన పనల మీదే ఆరాలి, ఆ తర్వాతే కుప్ప వేస్తారు. ఆ నాలుగు రోజుల్లో వాన పడిందా, అంతే సంగతులు. టీవీ చెప్పినా ఆయన నమ్మడు. "మా తమ్ముడు సముద్రం మీదుంటాడు, ఆడికి ముందే తెలిసిపోద్ది" అని ఊళ్లో చెప్పేవాడు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా కాస్త పొంగిపోయేవాణ్ణి. కాస్తేమిటి, బాగానే.

మూడేళ్ల కిందట నవంబరులో అన్నయ్య ఫోన్ వచ్చేసరికి యజమాని మెట్లు దిగుతున్నారు.

"బేగి సెప్పరా, కూలోళ్లు ఒచ్చేసినారు" అన్నాడు అన్నయ్య.

గబగబా వాతావరణం చార్టు చూశాను. అల్పపీడనం ఒడిశా వైపు పోతోంది, విశాఖ దగ్గర సముద్రం నిమ్మళంగా ఉంది.

"కోసెయ్ అన్నయ్యా, నాలుగు రోజులు చుక్క పడదు" అన్నాను, యజమానితో మాట్లాడే గొంతుతోనే.

నేను చూసింది నీళ్ల మీది గాలిని. ఊరి వెనకాల కొండలున్నాయి. మబ్బు వాటికి తగులుకుందంటే సముద్రం లెక్కలు పనిచేయవు. ఆ కొండల కింద పెరిగినవాణ్ణి, నాకు తెలియక కాదు. ఆ పూట ఆలోచన అటు పోలేదు.

మూడో రోజు వాన పట్టుకుంది. రెండు రోజులు వదల్లేదు. ఆ సంగతి అన్నయ్య చెప్పలేదు. పనల మీదే గింజ మొలకెత్తిందని వారం పోయాక వదిన చెప్పింది. వెంటనే అన్నయ్యకి ఫోన్ చేశాను. "వాన నీ సేతిలో ఉందేటిరా, ఒగ్గీ" అన్నాడు. కోయమని ఎవరన్నారని ఊళ్లో అడిగితే, తనకే అలా తోచిందని చెప్పాడట. నాలుగు తిట్లు తిట్టి ఉంటే బాగుండుననిపించింది.

మార్చిలో సెలవుకి వచ్చి వాళ్లింటికి భోజనానికి వెళ్లాను. వదిన నాకు మల్లెపూవులాంటి అన్నం వడ్డించింది. అన్నయ్య కంచంలో అన్నం మాత్రం రంగు మారి, ముక్కిపోయిన వాసన వేస్తోంది. ఎవరూ కొనని ఆ ధాన్యాన్నే మర పట్టించుకుని తింటున్నారు. నాకోసం నర్సీపట్నం నుంచి వేరే బియ్యం తెచ్చారు. నాకూ అదే పెట్టమన్నాను.

"నీకెందుకు బాబూ, నోటికి బాగోదు" అంది వదిన.

పట్టుబట్టి పెట్టించుకున్నాను. నిజంగానే బాగోలేదు. అయినా కంచం ఖాళీ చేశాకే లేచాను.

ఆ ఏడు నవంబరు రాగానే రోజూ పొద్దున్నే చార్టు తెరిచి, అందులో ముందు మా ఊరి కొండల వైపు చూసి ఆ తర్వాతే సముద్రం చూసేవాణ్ణి. అలా వారం రోజులు. అన్నయ్య ఫోన్ రాలేదు. చివరికి నేనే చేశాను.

"కోతైపోనాదిరా. నిన్ననే కుప్పెట్టీసినాం. ఒక్క గింజా తడవనేదు" అన్నాడు.

సంతోషం వేసింది. అయినా ఉండబట్టలేక, "నన్ను అడగలేదేం అన్నయ్యా?" అన్నాను.

కోపం వస్తుందేమో అనుకున్నాను. కానీ గొంతు ఎప్పటిలా నెమ్మదిగానే ఉంది.

"నీకు బోల్డు తెలుసురా, కాదన్ను. తెలీకపోతే మాత్రం తెలీదని సెప్పవు. అదే నాకు బయం."

దానికీ వెంటనే ఏదో జవాబు చెప్పబోయి, ఆగిపోయాను.