ముప్పై ఏడుసార్లు సంఘం మానేసిన ఆశీర్వాదం గారు

మగ్గం ఆశీర్వాదం గారు మా క్రైస్తవ సంఘాన్ని ముప్పై ఏడుసార్లు శాశ్వతంగా విడిచిపెట్టారు. ఈ సంఖ్యలో పొరపాటు లేదు. మొగల్తూరు కాలవ గట్టున ఉన్న మా తాటాకుల ప్రార్థన మందిరంలో వారం పొడవునా బడి నడుపుతూ, ఆదివారం సంఘం పుస్తకం రాసేవాణ్ణి నేనే.

విడిచిపెట్టే పద్ధతి మాత్రం ఎప్పుడూ ఒకటే. ఆరాధన అయిపోయి పెద్దలు కూర్చోగానే ఆయన లేచి, తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, "ఇంక నా మొహం చూడరండి. సెలవు" అనేవారు. మరుసటి ఆదివారం గంట కొట్టకముందే ముందు చాప మీద ఉండేవారు.

"మానేశారు కదండీ?" అని అడిగితే, "మానేశానండి. అయితే ఏంటి, ప్రార్థన కూడా మానెయ్యమంటారా?" అనేవారు.

కారణాలకు కొదవ లేదు. ఒకసారి సంఘ పెద్ద తాతాజీ గారు ప్రార్థనలో గురక పెట్టారు. ఒకసారి మందిరంలోకి మేక వచ్చింది. ఆ మేకను తోలలేదని నన్ను కూడా తిట్టి మరీ మానేశారు.

ఇలా ఉండగా రత్నమాణిక్యం కూతురికి అమ్మవారు పోసింది. బాప్తిస్మం తీసుకున్న మనిషే, భయంతో పోలేరమ్మకు కోడిని మొక్కుకుని, పిల్ల బతకగానే చాటుగా మొక్కు తీర్చింది. ఎవరో చూశారు. ఆ ఆదివారం ఆమెను విచారణకు మందిరం గుమ్మం దగ్గర నిలబెట్టారు.

"మావాళ్ళు ఎప్పుడో వెలేశారండి. మీరూ తోసేస్తే ఈ పిల్లతో ఎక్కడికి పోనండీ?" అంది.

సంఘం నడిపే ఉపదేశి వీరాస్వామి గారు నిట్టూర్చి, "పేరు కొట్టెయ్యండి మాస్టారూ" అన్నారు. నేను కలం సిరాలో ముంచాను.

ఆశీర్వాదం గారు తువ్వాలు దులిపారు. "ముందు నా పేరు కొట్టెయ్యండి!"

"ఇప్పుడేమైందండీ?"

"పాటలో మూడో చరణం వదిలేశారు. అది లేని సంఘంలో నేనుండనండి."

వీరాస్వామి గారు మూడో చరణం పాడారు. రాగం తప్పిందన్నారు ఆశీర్వాదం గారు. మళ్ళీ పాడారు. పెద్దలు గడ్డం పట్టుకుని బతిమాలారు. ఆయన చాప మీద కూర్చునేసరికి పొద్దు వాలింది, అందరికీ కడుపులు కాలుతున్నాయి, నా కలం ఎండిపోయింది. తాతాజీ గారు ముగింపు ప్రార్థన చేసేశారు. రత్నమాణిక్యం పేరు అలాగే ఉండిపోయింది.

మర్నాడు బళ్ళో కూర్చుని సంఘం పుస్తకం తిరగేశాను. ఆయన మానేసిన ప్రతి ఆదివారమూ గుమ్మం దగ్గర ఎవరో ఒకరు నిలబడి ఉన్నారు. మేక వచ్చిన నాడు నిలబడింది నేనే. నరసాపురంలో కల్లు తాగి దొరికిపోయాను.

పుస్తకం పట్టుకుని ఆయన ఇంటికి వెళ్ళాను. ఆయన మగ్గం ఆపలేదు.

"ఇక్కడ తప్పు చెయ్యనివాణ్ణి ఒక్కణ్ణి చూపించండి మాస్టారూ, నాతో సహా. మనుషుల్ని చూసి వచ్చుంటే మొదటి వారమే పోయేవాణ్ణండి. పడ్డవాణ్ణి కూడా దేవుడు లోపలికి రానిస్తాడంటే వచ్చాను. మనం తలుపేసేస్తే ఎలాగండీ?"

నాకు సిగ్గేసింది, ఆయన మీద ప్రేమా కలిగింది. పుస్తకం చంకలో పెట్టుకుని తిరిగొచ్చాను.

రెండు నెలలకు ఆశీర్వాదం గారే గుమ్మం దగ్గర నిలబడ్డారు. ఎవరిదో పెళ్ళిచీర ఆలస్యమైందని పని చెయ్యకూడని ఆదివారం పూట మగ్గం నేశారట. తువ్వాలు భుజాన్నే ఉంది, దులపలేదు.

"పేరు కొట్టెయ్యండి మాస్టారూ" అన్నారు వీరాస్వామి గారు.

నేను లేచి పైపంచె దులిపాను. "ఇంక నా మొహం చూడరండి!"

"మీకేమైందండీ?"

కారణం ఆలోచించుకోవడం మరిచిపోయాను. నోరు తెరుచుకుని నిలబడ్డాను.

గుమ్మం దగ్గర్నుంచి ఆశీర్వాదం గారు మెల్లగా అందించారు: "మూడో చరణం అనండి."