బయట నలభై, ఒంట్లో నలభై

చెల్లె సుగుణకు ఒళ్ళు వెచ్చబడిందంటే పత్తర్‌గట్టి మందుల దుకాణంలో కొత్త థర్మామీటర్ కొన్నాను. దానికో చిన్న మీట ఉంది. నొక్కితే సెంటీగ్రేడు పోయి ఫారన్‌హీట్ వస్తుంది. ఆ మీట చూడగానే మా పెదబాపు గుర్తొచ్చి ఒళ్ళు మండింది. మనిషి పోయి ఏళ్ళయినా ఆ మంట ఆరలేదు.

డెబ్బైలలో పురానాపూల్ దగ్గర మా ఇంట్లో ఎండాకాలమంటే కిటికీకి తడిపి కట్టిన వట్టివేళ్ళ తడిక వాసన, నీళ్ళ తొట్లో తేలే తర్బూజా, మధ్యాహ్నమంతా నేనూ సుగుణా ఆడే గచ్చకాయలు, ఆమె చేతుల నిండా లాడ్ బజార్ గాజుల గలగల, మధ్యలో లొల్లి బంద్ చెయ్యమని పెదబాపు కసురు. ఆయనది సర్కారు ఫ్యాక్టరీలో నౌకరీ. ఇంట్లో ఆయన మాటే శాసనం, నాన్న ఏనాడూ అన్నకు ఎదురు చెప్పలేదు. జ్వరానికి మాకు ఒకటే లెక్క: నూరు దాటితే డాక్టరు. పాత ఫారన్‌హీట్ థర్మామీటర్ పగిలితే పెదబాపు సెంటీగ్రేడుది తెచ్చి, కొత్త కాలపుదని గొప్పగా గూట్లో పెట్టాడు.

ఆ వేసవిలోనే సుగుణ మంచాన పడింది. మెడ వంచలేకపోయేది, వెలుతురు పడితే ఏడ్చేది. పెదబాపు థర్మామీటర్ పెట్టి చూస్తే నలభై. పొద్దున రేడియోలో ఊరి ఎండ కూడా నలభయ్యే అన్నారు.

"బయట నలభై, ఒంట్ల నలభై. గిది జరం గాదు, ఎండ. ఉల్లిగడ్డ రుద్దుండ్రి," అన్నాడు.

నేనప్పుడు ఎనిమిదో తరగతి. తొమ్మిదితో హెచ్చించి, అయిదుతో భాగించి, ముప్పైరెండు కలపాలని బళ్ళో నేర్పారు. మనసులోనే లెక్క కట్టి, నలభై అంటే మన నూట నాలుగని చెప్పాను.

"ఆడపోరివి, నాకే లెక్కలు నేర్పుతవా?" అని చెంప పగలగొట్టాడు.

ఆ రోజూ, మర్నాడూ అరికాళ్ళకు ఉల్లిగడ్డ రసమే. చివరికి అమ్మ చెల్లెను భుజాన వేసుకుని గడప దాటింది.

"పిల్ల నాది బావా. నేను దవాఖానకు కొంటవోతున్న," అంది.

మెదడుకు వాపు వచ్చిందనీ, ముందే తేవాల్సిందనీ డాక్టరు అన్నాడు. ప్రాణం దక్కింది, చెవులు పోయాయి. పెదబాపు మాత్రం తలరాత అన్నాడు. తలరాత కాదు, ఆయన తలపొగరు. పోయినవాళ్ళను తిట్టకూడదంటారు గానీ నేను తిడతాను.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు, తడికల వాసన లేదు, పాదరసం గొట్టాలూ కనబడవు. కొత్త థర్మామీటర్ సుగుణ నాలుక కింద పెట్టాను. కాసేపటికి అది కీచుమని కూసింది. ఆమె పెదవులు బిగించుకుని, అయిందా అన్నట్టు నా ముఖంలోకే చూస్తూ కూర్చుంది.