ఆరో నిమ్మకాయ

ఎవరైనా దయ్యాన్ని చూశానంటే నేను మూడు ప్రశ్నలు అడిగేదాన్ని. ఎంత దూరం నుంచి చూశారు? వెలుతురు ఎలా ఉంది? పక్కన ఇంకెవరున్నారు? మూడోదానికి వచ్చేసరికి చాలామంది మాట మార్చేసేవారు. అందుకే ఇలాంటివి ఏనాడూ నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా చెప్పను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

రాజమహేంద్రవరానికి కొంచెం దూరంలో ఉన్న ఒక చిన్న విశ్వవిద్యాలయంలో నేను సూపరింటెండెంటుగా పనిచేసి రిటైరయ్యాను. ఎవరు ఎప్పుడు చేరారు, ఎవరి సర్వీసు ఎంత అన్నది చూడటమే నా ఉద్యోగం. రిటైరయ్యాక కూడా ఏటా ఒక్కరోజు నన్ను పిలుస్తారు. కొత్తగా చేరిన అధ్యాపకులనూ సిబ్బందినీ అందరికీ పరిచయం చేసే రోజు అది.

దానికి మా దగ్గర ఒక పద్ధతి ఉంది. కొత్తవాళ్లు తమంతట తాము హాల్లోకి రాకూడదు. గుమ్మం బయట నిలబడాలి. నేను మైకులో పేరు, ఊరు, చేసే పని చెబుతాను. అప్పుడు వాళ్ల విభాగంలోని పాతవాళ్లు ఒకరు లేచి వెళ్లి, గుమ్మం పక్క బల్ల మీది నిమ్మకాయ చేతిలో పెట్టి, వెంటబెట్టుకొచ్చి ముందు వరసలో కూర్చోబెడతారు. ప్రొఫెసరైనా తోటమాలైనా ఇదే మర్యాద. నిమ్మకాయలు తెచ్చేది నేనే. ఎంతమందో అన్నే తెస్తాను. ఒకటి ఎక్కువ తేవడం నాకు అలవాటు లేదు.

కిందటేడు కొత్తవాళ్లు ఐదుగురు. దేవీచౌక్ బజారులో ఐదు కాయలు ఏరి తెచ్చాను. తీరా ఆ ఉదయం ఆఫీసులో ఇంకో ఉత్తర్వు చేతిలో పెట్టారు. ఆరో మనిషి. పేరు సునీత, తుని దగ్గరి పిల్ల. కెమిస్ట్రీ ల్యాబుల్లో పగిలిన గాజు సామాను మంట మీద అతకడం, కరిగిన గాజును ఊది కొత్త గొట్టాలు చేయడం ఆమె పని.

ఆ పని జరిగే గాజు గది లెక్కకు విడి విభాగం, అందులో ఎప్పుడూ ఒక్కరే ఉద్యోగి. పూర్వం పెద్దిరాజు గారు చేసేవారు. ఆయన రిటైరయ్యారు, తర్వాత కాలం చేశారు. అప్పటినుంచీ గదికి తాళమే. కెమిస్ట్రీ హెడ్డు గారికి ఆ పోస్టు ఉండటమే ఇష్టం లేదు.

"బయట కొనుక్కుంటే పోయేదానికి మనిషెందుకండీ? పైగా ఆడపిల్ల. నాలుగు రోజులు మంట ముందు కూర్చుంటే తనే పోతుంది లెండి" అని నా ఎదుటే అన్నారు.

వరండాలో ఆ అమ్మాయిని చూశాను. చేతులు వణుకుతున్నాయి. చున్నీలో దాచుకుంటోంది. వాళ్ల నాన్న పోర్టికో కింద మోటారు సైకిలు మీదే కూర్చున్నాడు, దిగలేదు. కూతురు ఉంటుందో, తిరిగి వచ్చేస్తుందో ఆయనకే తేలినట్టు లేదు.

నిమ్మకాయ ఒకటి తక్కువైందని అటెండరు సత్తిబాబుతో చెప్పాను.

"ఒక్క కాయ కోసం మళ్లీ బజారుకెళ్లాలాండీ? ముందు కూర్చున్నోళ్ల దగ్గర లాక్కొచ్చి ఇచ్చేద్దాం. ప్రొఫెసర్లేగా, చూసుకోరు!"

"వేళాకోళం చాలు గానీ, ఎవర్నయినా పంపు" అన్నాను. ఇంతలో వాన పట్టుకుంది. ఎవరూ వెళ్లలేదు.

సభ మొదలైంది. పట్టపగలు. పైగా వాన మబ్బని హాల్లో లైట్లన్నీ వేశారు. ఐదుగురూ వచ్చి కూర్చున్నారు. బల్ల మీద పళ్లెం ఖాళీ అయింది. సునీత పేరు, ఊరు, పని చదివేశాను. చదివాక గానీ తట్టలేదు, ఆ పిల్ల కోసం లేవాల్సిన మనిషే లేడని. హెడ్డు గారి వైపు చూశాను. ఆయన ఫోను చూసుకుంటున్నారు. ఎవరూ కదల్లేదు.

నేనే వెళదామని మైకు పక్కన పెట్టాను. నా మోకాళ్లతో ఆ స్టేజీ మెట్లు దిగడం త్వరగా అయ్యే పని కాదు. కమ్మీ పట్టుకుని తలెత్తేసరికి సునీత నడిచి వస్తోంది. పక్కన ఒక మగమనిషి. తెల్ల చొక్కా, దాని చేతులు మోచేతుల దాకా మడిచి ఉన్నాయి. నేను పెట్టుకున్నవి చదివే కళ్లద్దాలు, దూరం మసక. కాబట్టి మొహం చూశానని చెప్పను. ఎవరో మంచి మనసున్నవాడు లేచాడనుకున్నాను. ఆమె కూర్చుంది. అందరూ చప్పట్లు కొట్టారు.

కాఫీల దగ్గర ఆయనకు ఒక మాట చెబుదామని వెతికితే లేడు.

"ఆ పిల్ల తండ్రి కాదూ?" అన్నారు హెడ్డు గారు. తండ్రి అప్పటికీ బండి మీదే ఉన్నాడు. ఆయన చొక్కా నీలంది. గుమ్మం దగ్గర నిలబడ్డ సత్తిబాబు, పరీక్షల విభాగం ఆయనేమో అనుకున్నాడట. పరీక్షల వాళ్లు లైబ్రరీ మనిషి అనుకున్నారు. లైబ్రరీ వాళ్లు కెమిస్ట్రీ మనిషి అనుకున్నారు. చూడనివారు లేరు. ఒక్కొక్కరినీ అడుగుతూ పోతే విభాగాలు అయిపోయాయి గానీ మనిషి తేలలేదు.

సునీత చేతిలో నిమ్మకాయ ఉంది. నేను తెచ్చిన ఐదూ ఆ ఐదుగురి దగ్గరే ఉన్నాయి, స్వయంగా చూశాను. బజారు కాయలకు ఆకులుండవు. దీనికి తొడిమ, రెండు ఆకులు, ఆకుల మీద తడి.

"ఆయన నీతో ఏమన్నా అన్నాడా అమ్మా?" అని అడిగాను.

"'కొత్తలో అందరికీ వణుకుతాయమ్మా, మంట వెలిగించాక చేతులు వాటంతటవే నిలబడతాయి' అన్నారండీ. నా పేరు చదివాక ఎవరూ రాలేదు కదండీ, నాన్న బండెక్కి వెళ్లిపోదామని మెట్టు దిగేశాను కూడాను. వెనక నుంచి పిలిచారు. ఆ మాస్టారు ఏ డిపార్టుమెంటండీ?"

అడిగి చెబుతానన్నాను. సత్తిబాబు నన్ను పక్కకు పిలిచాడు.

"పెద్దిరాజు గారేనండీ, ఇంకెవరు! గాజు గది వెనక నిమ్మచెట్టుకి నీళ్లు పోసేది ఆయనే కదా."

చెట్టు ఉన్న మాట నిజం. కొత్త ల్యాబు కట్టేటప్పుడు దాన్ని కొట్టేసిన మాటా నిజం. అయినా నేను ఒప్పుకోలేదు. పెద్దిరాజు గారు నా భుజం దాకా వచ్చేవారు. సునీత నాకంటే పొడగరి. ఆ మనిషి మాట వినడానికి తల పైకెత్తాల్సి వచ్చిందని ఆమే చెప్పింది.

"పోయాక పొడుగవుతారేమోనండీ" అన్నాడు సత్తిబాబు.

"సర్వీసు రూల్సులో అలా లేదు" అన్నాను. ఒక లెక్క కలిసిందని రెండోదానిలో తేడాను కొట్టేయడం నాకు చేతకాదు.

సునీత వాళ్ల నాన్న ఆ రోజు ఒక్కడే తునికి వెళ్లాడు. మర్నాడు గాజు గది తాళం తీశారు. ఇప్పుడు హెడ్డు గారే పగిలిన గొట్టాలు పట్టుకెళ్లి, "సాయంత్రానికి అవుతుందామ్మా?" అని ఆ గుమ్మంలో నిలబడుతున్నారు.

ఈ ఏడు వైద్య కేంద్రానికి ఒక నర్సు వచ్చింది. అక్కడా ఆమె ఒక్కతే. ఈసారి ఆమె కోసం లేవమని ముందే సత్తిబాబుకు చెప్పి ఉంచాను. కానీ నేను పేరు పూర్తిగా చదవకముందే సునీత లేచి వెళ్లిపోయింది. కాయ చేతిలో పెట్టి, చెవి దగ్గర ఏదో చెప్పింది. బిగుసుకుని ఉన్న నర్సు భుజాలు సడలడం అంత దూరం నుంచి నా మసక చూపుకు కూడా కనిపించింది. ఆమె ఏం చెప్పి ఉంటుందో అడగాల్సిన పని లేదు.

జీవితంలో మొదటిసారి నేను ఒక కాయ ఎక్కువ తెచ్చాను. సభ అయ్యాక చూస్తే అది పళ్లెంలో అలాగే ఉంది. ఎవరూ తీసుకోలేదు. తీసుకోకపోవడమే సబబు, ఆ రోజు అందరికీ మనుషులున్నారు. ఇంటికి తెచ్చి కిటికీలో పెట్టాను. దాన్ని లెక్కలో ఎవరి పేరున రాయాలో నాకు ఇప్పటికీ తెలియదు.