పెంటపోగు మీది పేరు

నా పేరు ఆహ్వానపత్రికలో వేయించడానికి మా తమ్ముడికి సిగ్గేసింది. ఆ మాట ఫోన్‌లో చెప్పలేక గుంటూరు నుంచి కారేసుకుని మా ఊరు వచ్చాడు. కల్లంలో మిరపకాయలు ఎండబోసి ఉన్నాయి. నేను తాలుకాయలు ఏరుతున్నాను. వాడు కూర్చోకుండానే మొదలుపెట్టాడు.

“అక్కా, పాప బారసాల కార్డు డిజైన్ అయిపోయింది. మేనత్తగా నీ పేరు వెయ్యాలి కదా. ఈ ఒక్కసారికి వేరే పేరు వేయిద్దామా? మా అత్తగారి తరపు వాళ్లంతా ఒంగోలు నుంచి వస్తున్నారు.”

“ఏ పేరురా?”

“నువ్వే చెప్పు. లిస్టు ఉందిగా ఫోన్‌లో.”

ఆ లిస్టు సంగతి నాకు బాగా తెలుసు. పాప పుట్టక ముందు నుంచీ మా మరదలు దాన్ని నాకు చదివి వినిపిస్తూనే ఉంది. ప్రతి పేరు పక్కనా సంస్కృత మూలం, అర్థం. వెన్నెల అట, తొలికిరణం అట, వీణ తీగ అట. చివరికి ఒకటి కుదిరింది. ‘క్షర’ అంటే నశించేదట, ముందు ‘అ’ చేరిస్తే నశించనిదట. నాకూ నిజంగానే నచ్చింది. ఇప్పుడు అదే లిస్టులో, నెత్తి నెరుస్తున్న నాకూ ఒక పేరు వెతుక్కోమంటున్నాడు.

నా పేరు ఇక్కడ రాయను. పెంటపోగు మీద నుంచి వచ్చిన పేరంటే ఈ చుట్టుపక్కల ఎవరికైనా తెలిసిపోతుంది. నాకు ముందు పుట్టిన ఇద్దరు ఆడపిల్లలూ ఏడాది నిండకుండానే పోయారు. నేను పుట్టగానే నానమ్మ నన్ను తీసుకెళ్లి గొడ్లచావిడి వెనక పెంటపోగు మీద పడుకోబెట్టింది. పక్కింటావిడ దొరికిన పిల్లలాగా చేటలో ఎత్తుకుంది. అమ్మ ఆవిడకి చేటెడు తవుడిచ్చి నన్ను కొనుక్కుంది. పారేసిన పిల్ల మీద చావు కన్ను పడదని వాళ్ల నమ్మకం. ఆ పోగు పేరే నాకు పెట్టారు.

బళ్లో ఆ పేరుతో నేను పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. హాజరు పిలిచిన ప్రతిసారీ వెనక బెంచీ వాళ్లు ముక్కులు మూసుకునేవాళ్లు. పదో తరగతిలో మాస్టారు పిలిచి, “సర్టిఫికెట్లో పడిందే జీవితాంతం ఉంటుందమ్మా, మార్చుకుంటావా?” అని అడిగారు. ఎగిరి గంతేశాను. తామరపువ్వని అర్థం వచ్చే పేరొకటి అనుకుని, కాగితం పట్టుకుని చేలోకి పరిగెత్తాను.

అమ్మ పత్తి తీస్తోంది. ఒడిలో పత్తి దించను కూడా లేదు.

“నీ ముందు ఇద్దరికీ మంచి పేర్లే పెట్టానే. దేవతల పేర్లు. ఏరీ? పిలిస్తే పలుకుతారా? నువ్వు పలుకుతున్నావు. నాకది చాలు.”

ఆ కాగితం నేనే చింపేశాను. అర్థమై కాదు, ఉక్రోషంతో. అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది.

తమ్ముడికి ఈ కథ తెలియక కాదు. నేను బతికి బట్టకట్టాకే కదా, వాడికి దేవుడి పేరు పెట్టే ధైర్యం ఇంట్లో వాళ్లకి వచ్చింది! ఆ పేరే గుంటూరులో తన షాపు బోర్డు మీద ఇంతింత అక్షరాలతో రాయించుకున్నాడు. నా ఒళ్లు మండింది.

“మార్చను. సిగ్గయితే పిన్ని కూతురుంది, దానికి మంచి పేరుంది. దాన్ని పిలిచి పిల్లని ఉయ్యాల్లో వేయించుకో.”

“అదేంటక్కా, నువ్వు లేకుండా ఎలా?”

“నేనొస్తే నా పేరూ వస్తుందిరా.”

వాడు కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు. నాకు పిల్లల్లేరు. ఉన్న ఒక్క మేనకోడలికి పేరు పెట్టే భాగ్యం చేజేతులా పోగొట్టుకున్నానని ఏడ్చాను కూడా. కానీ ఫోన్ మాత్రం చెయ్యలేదు.

కార్డు వాట్సాప్‌లో వచ్చింది. తాతలు, నాయనమ్మ, అమ్మమ్మ, అందరి పేర్లూ ఉన్నాయి. నా చోట ‘మేనత్త’ అని మాత్రమే ఉంది. మధ్యేమార్గం కనిపెట్టాననుకున్నాడు కాబోలు. వెళ్లకూడదనుకున్నాను. అయినా వాడు దాచిన పేరుని నేనూ ఇంట్లో దాచిపెట్టుకుని కూర్చోవడమేమిటని బయల్దేరాను.

ఫంక్షన్ హాల్లో పంతులుగారు పళ్లెంలో బియ్యం పోయించి, తమ్ముడి చేత ఉంగరంతో పాప పేరు రాయించారు. తర్వాత నన్ను పిలిచి, “చెవిలో మూడుసార్లు పేరు చెప్పండమ్మా” అంటూ మైకు నా ముందు పెట్టారు. పాపని ఒళ్లోకి తీసుకున్నాను. మూడుసార్లు చెప్పాను. నశించనిది, నశించనిది, నశించనిది. అప్పుడు తట్టింది నాకు. మా అమ్మ కోరుకున్నదీ ఇదే. ఆవిడకి సంస్కృతం రాదు, దగ్గరలో ఉన్నది పెంటపోగు.

తలెత్తి, మైకులో వినపడేట్టు నా పేరు చెప్పాను. ఇంటిపేరుతో సహా. ఒంగోలు వాళ్ల వైపు ఎవరో కిసుక్కున నవ్వారు. తమ్ముడు తల దించుకున్నాడు.

“నాలుగోది ఏమిటమ్మా?” అన్నారు పంతులుగారు, తడబడుతూ.

“నా పేరండి. తనని పిలిచిందెవరో పిల్లకి తెలియొద్దూ?”