రేషన్ కార్డులో బొట్టు

మా అమ్మ మా అమ్మేనని రుజువు చేయమన్నారు నన్ను. వేంపల్లెలో, పట్టపగలు, బ్యాంకులో, ఆమె నా పక్కన నిలబడి ఉండగానే.

అప్పటికి నాయన పోయి కొన్ని నెలలైంది. ఆయన బడిపంతులుగా చేసి రిటైరైనవాడు. పింఛను ఆయన ఖాతాలో పడేది, ఆయనే వెళ్ళి తెచ్చేవాడు. బ్యాంకు గడప అమ్మ ఎన్నడూ తొక్కలేదు. ఆయన తర్వాత ఆ పింఛను ఆమెకు రావాలంటే ఆమె పేరున ఖాతా ఉండాలన్నారు. కడపకు వచ్చి నా దగ్గర ఉండమని ఎంత పోరినా వినలేదు. "అల్లుని ఇంట్లో పండగకు పోయి రావాల గానీ కాపురముంటారా ఎవరన్నా?" అనేది. కాబట్టి ఆ ఖాతా తెరుచుకుంటేనే ఆమె పొయ్యి ఆమె ఇంట్లో వెలుగుతుంది. లేకపోతే నా గడపలో తల వంచుకుని బతకాలి. 

మా అమ్మది స్టిక్కరు బొట్టు కాదు. పొద్దున్నే స్నానం చేసి, నుదుటి మీద కాస్త మైనం రాసి, దానిమీద కుంకుమ అద్దేది. రూపాయి బిళ్ళంత. ఇంట్లోంచి నేను కడప బస్సుకు బయలుదేరినప్పుడల్లా ఆ భరిణెలోంచే నాకూ ఇంత పెట్టి పంపేది. కాలేజీలో పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని, స్టిక్కరు పెట్టుకునే ఉంటాను, అయినా దానిమీదే అద్దేది. బస్సులో చెమటకు కారి ముక్కు మీదికొచ్చేది. నేను విసుక్కునేదాన్ని.

నాయన పోయిన పదో రోజున ఊరి ఆడవాళ్ళు చుట్టూ చేరి ఆ బొట్టు తుడిచారు. గాజులు, మెట్టెలు, ముక్కుపుడక అన్నీ తీశారు. నేను ఊరుకునే రకాన్ని కాదు. "బొట్టు పుట్టినప్పటినుంచీ పెట్టుకుంటాండాది, మా నాయన తెచ్చిచ్చినాడా దాన్ని? మీకేం హక్కుండాది?" అని అరిచాను. ఒకామె నా చెయ్యి పట్టి పక్కకు లాగింది. "సదువుకున్నదానివి, నీకు మా మాట యాడ పడుతుంది లేమ్మా" అని ఇంకొకామె దెప్పింది. అమ్మ మాత్రం కళ్ళు మూసుకుని, "గమ్మునుండు అమ్మీ" అంది. అంతే.

తర్వాత వచ్చినప్పుడల్లా అడిగాను. బతిమాలాను, తిట్టాను. కనీసం నల్లచుక్క అయినా పెట్టుకోమన్నాను. వినలేదు. "నువ్వు కడపలో ఉంటావు, నేను ఈ ఈదిలో ఉండాల" అంది. ఆ తర్వాత నేను బస్సుకు బయలుదేరితే భరిణె తెచ్చి అరుగు మీద పెట్టి, తాను లోపలికి పోయేది. నేనే పెట్టుకోవాలి. ఆమె చేత్తో పెట్టకూడదట.

ఆమె నుదుటిమీద మాత్రం ఒక గుండ్రటి మచ్చ మిగిలిపోయింది. అన్నేళ్ళ మైనం, కుంకుమ కింద ఎండ తగలని చర్మం. తుడిచినవాళ్ళు దాన్నేమీ చేయలేకపోయారు.

ఇక బ్యాంకు. ఆ రోజుల్లో ఖాతా తెరవాలంటే అప్పటికే ఖాతా ఉన్నవాళ్ళెవరైనా ఈమె మాకు తెలుసని సంతకం పెట్టాలి. నాయన ఎప్పుడూ బట్టలు తీసుకునే కొట్టు శెట్టిగారు, పాపం, గల్లాపెట్టె తాళం వేసి మాతో వచ్చాడు. ఆఫీసరు కుర్రవాడు, కొత్తగా బదిలీపై వచ్చినవాడు. ముందు ఓటరు కార్డు చూపించాం. అందులో ఉన్నది మా అమ్మా, తడిసిన బొగ్గుల బస్తానా అన్నది ఆ ఫోటో తీసినవాడే చెప్పాలి. రేషన్ కార్డు ఇవ్వమన్నాడు.

రేషన్ కార్డు ఫోటోలో నాయన, అమ్మ పక్కపక్కన కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. ఆమె నుదుటి నిండా బొట్టు, ముక్కుకు రాళ్ళ పుడక, చెవులపక్కకు దిగిన కనకాంబరాలు. మొహం నిండుగా ఉంది. ఆఫీసరు ఆ ఫోటోను చూశాడు, కౌంటరు అవతల నిలబడిన మనిషిని చూశాడు. నాయన పోయాక ఆమె సగమైంది. బోడి నుదురు, బోడి ముక్కు, ఉతికి ఉతికి వెలిసిన చీర.

"ఈ ఫోటోలో ఉండేది ఈమె కాదు గదా మేడం" అన్నాడు.

"మరెవరంటావు? మా నాయనకు ఇంకొక పెళ్ళాం ఉండాదా?"

శెట్టిగారు దగ్గాడు. "సార్, నేను ఎరుగుదును. మా పంతులు భార్యనే ఈమె. శానా ఏండ్లుగా తెలుసు."

"మీరు తెలుసంటారు సరే. కార్డుకూ మనిషికీ కుదరాల గదా? ఇంతకుముందు నేను పనిచేసిన చోట ఇట్లనే ఒకాయన వదినను తీసుకొచ్చి అమ్మని చెప్పి పింఛను మొదలుపెట్టించుకున్యాడు. నా మెడకు చుట్టుకునింది అది. నన్నేం చెయ్యమంటారు?"

అతని భయం అతనిది. ఇప్పుడైతే అర్థమవుతుంది. అప్పుడు నాకు అర్థం చేసుకునే ఓపిక లేదు.

"మొగుడు పోయినాడని ఈడ కాగితం ఇచ్చినాం. మొగుడు పోయిన ఆడమనిషి మొహం ఎట్లుంటుందో మీ ఇంట్లో ఎవరినీ చూడలేదా నువ్వు? ఆ ఫోటోలోనివన్నీ ఒలిచేసినారయ్యా! ఒలిచేసినాక మిగిలింది ఇదే. ఇదిగో, ఈ మచ్చ చూడు. బొట్టు పెట్టుకున్న చోటిది. ఇంతకంటే ఏం గుర్తు కావాల?"

అతను వంగి చూశాడు. నిజంగానే చూశాడు. తర్వాత మెల్లగా, "ఫోటోలో ఆ మచ్చ కనపడదు గదా మేడం, బొట్టుండాది దానిమీద" అన్నాడు.

వెనక వరుసలో ఎవరో నవ్వారు. నేను వాళ్ళమీదికి తిరిగాను. ఏమేమన్నానో నాకే గుర్తులేదు గానీ గొంతు బ్యాంకంతా వినిపించింది. మేనేజరును పిలవమన్నాను, పేపరుకు రాస్తానన్నాను. శెట్టిగారు, "ఊరికే ఉండమ్మా, ఊరికే ఉండు" అని గొణుగుతున్నాడు.

అప్పుడు నా నుదుటిమీద చల్లని వేళ్ళు తగిలాయి.

అమ్మ నా స్టిక్కరు తీసింది. దాన్ని తన మచ్చ మీద పెట్టి, బొటనవేలితో ఒత్తి, కొంగు సర్దుకుని, ఫోటోకు కూర్చున్నట్టే మెడ నిటారుగా పెట్టి నిలబడింది.

"చూడు నాయనా, ఇప్పుడు చూడు" అంది.

నేను నెలల తరబడి ఏడ్చి అడిగినా పెట్టుకోని బొట్టు. ఆ చిన్న ఎర్ర చుక్కతో ఆమె మొహం ఎక్కడినుంచో తిరిగొచ్చింది. ఫోటోలోది ఆమే. ఎవరూ కాదనలేరు.  శెట్టిగారు నేలను చూశాడు. ఆఫీసరు కుర్రవాడు కార్డు వంక మళ్ళీ చూడనైనా చూడలేదు.

"సరేమ్మా. సరే. కూర్చో" అన్నాడు. కాగితాలన్నీ తనే నింపాడు. సంతకం ఎక్కడ పెట్టాలో వేలు పెట్టి చూపించాడు. ఆమె తన పేరు ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ రాసింది. పని అయిపోయింది.

బయట ఎండ మండిపోతోంది. శెట్టిగారు మమ్మల్ని దాటుకుని కొట్టు వైపు వెళ్ళిపోయాడు. అమ్మ కొంగును కళ్ళదాకా లాక్కుని నడిచింది. ఆమె బొట్టు ఎవరికీ కనపడలేదు. నా బోడి నుదురు మాత్రం బజారంతా చూసింది. నూనె మిల్లు గోడ పక్క సందులోకి తిరగ్గానే అమ్మ ఆగింది. అటూ ఇటూ చూసి, కొంగు వెనక్కు తోసి, మొహం నా వైపు ఎత్తింది.

"తియ్యి" అంది.

"ఇంటిదాకన్నా ఉండనీమ్మా."

"ఈదిలోకి ఇట్ల యాడ పోతా? తియ్యి అమ్మీ."

"నువ్వే పెట్టుకుంటివి గదా, నువ్వే తీసుకో."

"ఆ పొద్దు ఊరోళ్ళు తీసినారు. నా చేత్తో నేను తీసుకోలేను. నువ్వు తియ్యి."

పదో రోజు ఊరందరి మీదా అరిచిన నోరు నాది. మా అమ్మ నుదుటిమీద గోరు పెట్టి ఆ బొట్టు లేపింది నా వేలే. చెమటకు తడిసి ఉండి తేలిగ్గానే వచ్చింది. కింద మచ్చ అట్లాగే ఉంది. ఆమె కళ్ళు తెరవలేదు కాసేపు.

తెరిచాక నన్ను చూసి గాభరాపడింది. "అయ్యో, నీ నుదురు ఉత్తగా ఉండాది. అది పెట్టుకో ముందు."

"నువ్వు పెట్టు" అన్నాను.

"నేను పెట్టకూడదు. పెట్టుకో అంటాంటే."

 అద్దం లేదు. అంచనాగా అంటించుకున్నాను.

"పక్కకు పోయింది" అంది. సర్దబోయి చెయ్యి ఎత్తింది. నా మొహం దాకా వచ్చిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. కొంచెంసేపు గాలిలో ఉండి, కిందికి దిగి, కొంగు పట్టుకుంది.

"ఇంటికి పోయినాక అద్దంలో చూసుకుందువులే. పా" అంది.