సగం వచ్చిన ఫోటో

మొన్న మదనపల్లెలో, నేను పాఠాలు చెప్పే బడిలో, మూలగదిలో పడి ఉన్న పాత కంప్యూటర్లను తుక్కు కొనే ఆయనకు ఎత్తి ఇస్తుంటే ఒక డబ్బా మూత ఊడిపోయి లోపలి నుంచి ఒక వాసన వచ్చింది. ఏళ్ల తరబడి వేడెక్కుతూ చల్లారుతూ ముద్దకట్టిన దుమ్ము, కాస్త కమిలిన ప్లాస్టిక్కు, ఎక్కడో ఎండిపోయిన బల్లిగుడ్లు, అన్నీ కలిసిన ఆ వాసనకు పిల్లలు ముక్కులు మూసుకున్నారు గానీ, నేను మాత్రం ఇంకొంచెం ముందుకు వంగాను. నాకది మా రెడ్డిరాణి పిన్నమ్మ దగ్గర వచ్చే వాసన.

మాది నిమ్మనపల్లె. వేసవి సెలవులు ఇచ్చీ ఇవ్వగానే నన్ను పుంగనూరులో మా అమ్మమ్మ ఇంటికి పంపేసేవాళ్లు. మేం ఆమెను అవ్వా అనే పిలిచేవాళ్లం. మిద్దెమీద చాపలో ఎండుతున్న మామిడి ముక్కలను కాకులు ఎత్తుకుపోకుండా కాపలా కాయడం, వసారాలో చల్లని బండలమీద రాళ్లు ఎగరేసి పడుతూ అచ్చెనగండ్లు ఆడడం, సందెవేళ వేడి సంగటి ముద్దలో గుంట చేసి అవ్వ పోసే మామిడికాయ పప్పు కోసం చెయ్యి కాల్చుకోవడం, జాతర ముందు వీధి చివర పలక డప్పులు మోగితే చెప్పులు లేకుండానే పరుగెత్తడం, ఇవన్నీ ఉన్నా నా ప్రాణమంతా పిన్నమ్మ మీదే ఉండేది. అమ్మకు ఆఖరి చెల్లెలు ఆమె. మదనపల్లెకు బస్సులో పోయివస్తూ కంప్యూటరు నేర్చుకుని, బజారులో ఖాదర్ భాయ్ ఫోటో స్టూడియోలో పెండ్లి ఫోటోలు సరిదిద్దే పనికి కుదిరింది. ఒకచోట కుదురుగా కూర్చునే మనిషి కాదు. నిలబడే కాఫీ తాగేది, నడుస్తూనే జడ వేసుకునేది, అన్నం తింటూ మధ్యలో లేచి పోయి కిటికీలోంచి బయటికి చూసి వచ్చేది. "కాళ్లల్లో చీమలు దూరినాయా నీకి" అని అవ్వ కసిరేది.

స్టూడియో ముందుగదిలో జలపాతం బొమ్మ వేసిన తెర, వెనకగదిలో కంప్యూటరు. పెండ్లి జరిగిన కొన్నాళ్లకు ఇంటిల్లిపాదీ వచ్చి ఆ వెనకగదిలో బొరుగులు, చెనిక్కాయలు నములుతూ, ఆల్బంలోకి ఏది పెట్టాలో ఏది తీసెయ్యాలో పోట్లాడుకునేవాళ్లు. చెమట, మల్లెపూలు, వేడెక్కిన డబ్బా వాసన కలిసి ఆ గదిలో ఊపిరాడేది కాదు. ఆ ఫోటోలన్నీ ఎక్కడ దాక్కుంటాయని నేను ఒకటే ప్రాణం తీస్తుంటే, పిన్నమ్మ ఒకరోజు చచ్చిపోయిన పాత హార్డ్ డిస్కు ఒకటి స్క్రూలు విప్పి నా ముందు పెట్టింది. లోపల అద్దంలా మెరిసే పళ్లేలు, వాటిమీదికి చాచిన సన్నని చెయ్యి, ఆ చేతి కొసన ఆవగింజంత తల.

"ఈ పళ్లెం ఫ్యాను కంటే జోరుగా తిరగతాది. ఈ తల దాన్ని తాకదు, మధ్యలో ఉండే గాలిమీద తేలతా ఉంటాది. పళ్లెం నిండా కంటికి కనపడని అయస్కాంతాలు ఉండాయి. ఇటు తిరిగింటే ఒకటి, అటు తిరిగింటే సున్నా. నీ ఫోటో అయినా, పెండ్లికూతురి ఫోటో అయినా ఆ ఒకట్లూ సున్నాలే" అంది.

"దుమ్ము పడితే?"

"తలకీ పళ్లానికీ మధ్యన సందు ఉండేదే అంతంత. దుమ్ము దానికి బండరాయి మాదిరి. పోయి తగిలిందంటే పళ్లెం గీసుకుపోతాది. గీసుకుపోయిన కాడ ఉండేవి ఇంక రావు."

ఆ రోజు నుంచీ నేను ఆ గదిలో తుమ్ము వస్తే బయటికి పరుగెత్తేదాన్ని.

ఆ వేసవిలోనే కుప్పం నుంచి స్టూడియోకు ఫోను వచ్చింది. అంతకు కొన్ని నెలల ముందు ఖాదర్ భాయ్ అక్కడ ఒక పెండ్లికి ఫోటోలు, వీడియో తీశాడు. పెండ్లికూతురి తండ్రి బండల లారీ తోలేవాడు, తల్లి పేరు మునెమ్మ. ఆల్బం ఇంకా తయారు కాలేదు. ఇప్పుడు మునెమ్మ అత్త, అంటే పెండ్లికూతురి అవ్వ, చనిపోయింది. దినాలకు పటం కట్టించాలి, ఆమెకు వేరే ఫోటో లేదు, ఓటు కార్డులో ఉన్నదేమో కళ్లు మూసుకుని గుర్తుపట్టేలా లేదు, పెండ్లి ఫోటోల్లోంచి ఒకటి పెద్దది చేసి పంపండి అని అడిగారు. అదెంత పని అన్నాడు భాయ్. పిన్నమ్మ కంప్యూటరు ఆన్ చేసింది. తెర నల్లగా అలాగే ఉండిపోయింది. డబ్బాలోంచి టిక్కు, టిక్కు, టిక్కు మని గోడగడియారం లాంటి చప్పుడు మొదలైంది. పిన్నమ్మ ముఖం తెల్లబోయింది. ఆ తల తాను మొదలుపెట్టాల్సిన గుర్తు కోసం పళ్లెంమీద వెతికి, దొరక్క, వెనక్కి వచ్చి కొట్టుకుని, మళ్లీ వెతకడానికి పోతోంది. పెండ్లంతా ఆ ఒక్కదాంట్లోనే ఉంది. సీడీలు ఆల్బంతో పాటు చేసి ఇస్తారు. కెమెరా కార్డులేమో అప్పట్లో చాలా తక్కువ పట్టేవి, ఒక పెండ్లి డిస్కులోకి ఎక్కగానే తుడిచి ఇంకో పెండ్లికి తీసుకుపోయేవాళ్లు.

ఖాదర్ భాయ్ చెడ్డవాడు కాదు. భయస్తుడు. కుప్పం నుంచి ఫోను వచ్చినప్పుడల్లా కరెంటు లేదని చెప్పేవాడు. ఇటు పిన్నమ్మ ఇంట్లో నిలవలేకపోయింది. ముద్ద మింగదు, గడప దాటి పోతుంది, వస్తుంది. ఆమె వెనకాలే తిరిగి తిరిగి నాకూ ఆటల మీద ధ్యాస పోయింది. రాళ్లు ఎగరేస్తే చేతిలో పడేవి కావు, చెవుల్లో టిక్కు టిక్కు వినిపిస్తూనే ఉండేది.

చివరికి ఆమె డిస్కు ఊడదీసి తువ్వాలులో చుట్టి, కుప్పం పోతానంది.

"నువ్వు పోతే వాళ్లు అరుస్తారు రాణీ" అన్నాడు భాయ్.

"అరవనీ భాయ్. అరిసి ఊరుకుంటారు. ఎన్నాళ్లని కరెంటు లేదంటావు?"

ఒంటరిగా పంపడానికి అవ్వ ఒప్పుకోకపోతే నన్ను తోడు తీసుకుంది. బస్సులో ఆ మూట నా ఒళ్లో పెట్టింది. పలమనేరు దాటాక రోడ్డు గుంతలు. బస్సు ఎగిరినప్పుడల్లా రెండు చేతులతో మూటను గాల్లోకి ఎత్తి పట్టుకునేదాన్ని. నెత్తిమీద స్పీకరులో పాటలు మోగుతున్నాయి. స్పీకరులో పెద్ద అయస్కాంతం ఉంటుందని పిన్నమ్మే ఒకసారి చెప్పింది. నేను మూటను కడుపులోకి దాచుకుని, "పిన్నమ్మా, ఈడొద్దు, వెనక్కి పోదాం" అని ఏడుపు మొదలుపెట్టాను. అంత దూరం నుంచి దానికేమీ కాదని ఆమెకు తెలుసు. అయినా లేచింది. బైరెడ్డిపల్లె దాకా వెనక సీటులో ఎగిరెగిరి పడుతూ పోయాం. పక్కన కూర్చున్న ఇంకో ఆమె, "ఏముండాదమ్మా అందులో, పగిలేదా?" అని అడిగితే మూటను ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాను.

కుప్పంలో మునెమ్మ ఇంటి ముందు షామియానా ఇంకా తియ్యలేదు. పిన్నమ్మ గడపలో నిలబడే మొత్తం చెప్పేసింది. వసారాలో ఉన్న మగవాళ్లు గొంతులు పెంచారు. కొత్త పెండ్లికూతురు గోడకు ఆనుకుని ఏడ్చింది. మునెమ్మ మాత్రం మూట విప్పించి, డిస్కును అరచేతిలో పెట్టుకుని బరువు చూసింది.

"ఇంత బరువుండాది. ఇందులో మా అత్త లేదంటావేంటికి?"

"ఉండాదక్కా. తియ్యను మాకు చేతగావడం లేదు. బెంగుళూరులో తీసేవాళ్లు ఉండారంట."

"అయితే పోదాం. నేనూ వస్తా."

స్టూడియోకు ఫోను చేసి అవ్వకు కబురు పెట్టించి, ఆ రాత్రి వాళ్లింట్లోనే పడుకుని, పొద్దున బెంగుళూరు రైలెక్కాం. కూరగాయల గంపల మధ్య, కొత్తిమీర కట్టల తడి వాసనలో, ముగ్గురం వంతులవారీగా ఆ మూట మోశాం. మునెమ్మ దారి పొడుగునా అత్త సంగతులు చెప్పింది. అనపకాయలు ఒలిచేటప్పుడు ఆమె పక్కన ఎవరూ కూర్చోలేకపోయేవాళ్లట, అంత వేగమట. నానబెట్టిన ఆ గింజల తొక్క తీసి పితికిపప్పు వండితే ముందు వీధిలో నాలుగిళ్లకు పంపాకే ఇంట్లో వాళ్లకు వడ్డించేదట. పిన్నమ్మ ఊ కొడుతూనే సీటుకూ తలుపుకూ మధ్య తిరుగుతోంది.

బెంగుళూరులో ఒక సందులో, మెట్లెక్కి పోతే, సన్నని కుర్రాడొకడు డిస్కును తన యంత్రానికి తగిలించి చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. తల ఇంకా పూర్తిగా చావలేదన్నాడు. కాసేపు చదువుతుంది, ఎప్పుడు ఆగిపోతుందో చెప్పలేను, ఆగితే ఇక అంతే, కాబట్టి ఏది ముందు కావాలో మీరే చెప్పండి అని కన్నడంలో అడిగాడు. సరిహద్దు ఊరు కుప్పం మనిషి గనక మునెమ్మకు ఒక్క మాటా పోకుండా అర్థమైంది.

పిన్నమ్మ ఆమె వైపు తిరిగింది. "అక్కా, పెండ్లి వీడియో ఒక కాడ ఉండాది, ఫోటోలు ఇంకో కాడ. రెండూ వస్తాయని చెప్పలేడు. నీ బిడ్డ పెండ్లి."

మునెమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. కూతురి ఏడుపు ఆమె చెవుల్లో ఉండే ఉంటుంది.

"బిడ్డా అల్లుడూ ఇంట్లోనే ఉండారు. పోయినామెది తియ్యమను" అంది.

పిన్నమ్మకు ఆ ఫోటో ఎక్కడుందో గుర్తుంది. భోజనాల పందిట్లో, స్తంభం పక్కన. ఆ ఫైలు పేరు చెప్పింది. టిక్కు మని ఒకసారి కొట్టుకుంది, సన్నగా గీరింది, తెరమీద బొమ్మ పైనుంచి గీతలు గీతలుగా దిగసాగింది. పందిరి, మామిడాకులు, నెరిసిన పాపిట, నుదురు, నవ్వుతూ ముడుచుకున్న కళ్లు, పళ్లులేని నోరు, గడ్డం. అక్కడ ఆగింది. కిందంతా బూడిదరంగు. డిస్కులో తిరుగుడు కరెంటు పోయిన ఫ్యానులాగా నెమ్మదించి, నెమ్మదించి, నిలిచిపోయింది. ఆ కుర్రాడు ఎన్నిసార్లు ప్రయత్నించినా మళ్లీ లేవలేదు.

"కింద వేరే చీర అతికిస్తా అక్కా. తెలీకుండా చేస్తా" అంది పిన్నమ్మ.

"వద్దులే. ఇంకొకరి చీర మా అత్తకేంటికి?"

అలాగే పటం కట్టించారు. దినాల నాడు పూలదండ వేస్తే బూడిదరంగు చాలావరకు దండ కిందికి పోయిందట. ఖాదర్ భాయ్ ఆ తర్వాత తనే కుప్పం పోయి తలవంచుకుని నిలబడ్డాడు. కొత్త దంపతులకు మళ్లీ పెండ్లి బట్టలు కట్టించి ఫోటోలు తీశాడు. అప్పటికి పెండ్లికొడుకు మీసం తీసేసి ఉన్నాడు, అమ్మాయి నవ్వలేదు. ఆ పెండ్లి మాత్రం తిరిగి రాలేదు. పిన్నమ్మ ఆ రోజు నుంచీ ప్రతి పెండ్లినీ రెండుచోట్ల దాచేది, ఒకటి స్టూడియోలో, ఇంకొకటి అవ్వ బియ్యం డబ్బా పక్కన.

ఇప్పుడు ఖాదర్ భాయ్ లేడు, పుంగనూరు స్టూడియో ఉన్నచోట ఫోన్ల కవర్లు అమ్ముతున్నారు. పిన్నమ్మ మదనపల్లెలో సొంతంగా స్టూడియో నడుపుతోంది. తిరిగే పళ్లేలు పోయి చిప్పులు వచ్చాయి. వాటికి చప్పుడు లేదు, పోయేముందు ఒక టిక్కు కూడా వినిపించదు. పెండ్లివాళ్లు గుంపుగా రావడం మానేశారు, ఫోటోలు ఎక్కడో ఇంటర్నెట్టులో ఉంటాయి, ఎవరి ఫోనుకు వాళ్లకు లింకు పోతుంది. మొన్నొక సాయంత్రం నేను అక్కడ ఉండగా ఒక ముసలాయన వచ్చి, మనవడి పెండ్లిలో తన ఫోటో చూపమన్నాడు. మీ మనవడి ఫోనుకు పంపించినామప్పా అంది పిన్నమ్మ.

"అదిగాదమ్మా. ఇప్పుడు నా ఫోటో యాడుండాది?"

చూపించడానికి పిన్నమ్మ చెయ్యెత్తింది. కంప్యూటరు వైపు పోయిన చెయ్యి అక్కడ ఆగక, పైకి లేచి, గాలిలో ఎటూ తేల్చుకోలేక దిగిపోయింది. ఆమె లేచి ప్రింటరు ఆన్ చేసింది. ముసలాయన వెచ్చటి కాగితాన్ని వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూసుకుని, మడత పడకుండా చొక్కా లోపల పెట్టుకుని, పైనుంచి చెయ్యి ఆనించుకుని నడిచిపోయాడు.