మా దాము ఏమీ చెరిపేయలేదు

నిన్న పొద్దున చంద్రగిరి నుంచి తిరుపతి ఆసుపత్రికి పోయే బస్సులో ఉన్నాను. ఒడిలో క్యారియరు. దాము అడిగాడని మెత్తగా కలిపిన చారన్నం.

తమ్ముడు ఫోన్ చేశాడు.
"అక్కా, యాడుండావు?" అన్నాడు. ఆపైన ఏడుపే వినపడింది.

స్టాపులో దిగాను. క్యారియరు ఇంకా వేడిగానే ఉంది.

నా కొడుకు దాము లేడు. ముప్ఫై ఏళ్లు కూడా నిండలేదు. కామెర్లు ముదిరి లివర్ పోయిందన్నారు.

నేను నాలుగో తరగతి దాటలేదు. పూలు కట్టి అమ్ముతాను. ఓదార్పు కోసం రాయడం లేదు ఇది. నా బిడ్డ మీద ఒక మాట పడింది. అది తుడవకుండా వాణ్ని సాగనంపలేను.

దాము ఎనిమిదేళ్లు ఒకే ఫొటో స్టూడియోలో పనిచేశాడు. పాత పెళ్లి క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించడం వాడి పని. ఆ పనికి కావలసిన కార్డు ఒక్క పాత కంప్యూటర్‌లోనే నడుస్తుంది. దాంట్లో విండోస్ కూడా పాతదే.

ఒకరోజు ఓనరు నాలుగు టీబీ హార్డ్ డిస్క్ తెచ్చాడు. పాత విండోస్ దాన్ని గుర్తే పట్టలేదు.

"ఏందిరా దామూ, నా కొత్త డిస్క్‌కి దిష్టి తగిలిందా, నీ చెయ్యి తగిలిందా?" అన్నాడంట.

"డిస్క్ బాగుండాదన్నా. ఈ ముసలి విండోస్‌కే అంత పెద్ద లెక్క రాదు" అన్నాడంట వీడు.

వారం రోజులు వాడికి తిండి మీద ధ్యాస లేదు. చివరికి డిస్క్ పెట్టే నల్ల డబ్బా ఒకటి వెతికి తెప్పించాడు. దాంట్లో పెట్టి వైరు గుచ్చితే డిస్క్ మొత్తం కనిపించింది.

అదెట్లరా అని అడిగితే నా పూలబుట్ట చూపించాడు.

"నువ్వు మల్లెపూలు ఒక్కొక్కటీ లెక్కపెడతావామా? మూరేసి ఇస్తావు గదా. ఈ డబ్బా డిస్క్‌ని పెద్ద పెద్ద మూరలేసి చెప్తాది. అప్పుడు లెక్క చిన్నదై ముసలోడికి అందతాది."

"మరి డబ్బా తీసేస్తే?"

"నీ మూరా, నీ పక్కన పూలమ్మే మునెమ్మత్త మూరా ఒకటేనా? నువ్వు కొలిచింది ఆమె కొలిస్తే తేడా రాదూ? అట్లే. తీసేస్తే అంతా ఖాళీ అని చూపిస్తాది. లోపల మాత్రం అన్నీ ఉంటాయి."

పూలు కట్టే నాకు అర్థమైంది.

ఆ డిస్క్‌లో వాడు మొదట ఎక్కించింది మా పెళ్లి క్యాసెట్. వాళ్ల నాయన పోయేటప్పటికి వీడికి మూడేళ్లు. ఫొటోలో తప్ప చూసి ఎరగడు.

నన్ను స్టూడియోకి పిలిపించి కూర్చోబెట్టాడు.

"సూడుమా, నాయన నడిచేది. కొంచెం ఎడమకి వాలి నడస్తాడు. నేనూ అట్లే గదా నడిచేది!"

నవ్వుతున్నాడు, కళ్లు తుడుచుకుంటున్నాడు.

బూజు పట్టిన క్యాసెట్ కదా, ఆ ఒక్కసారి తిరిగి తెగిపోయింది. ఇప్పుడు ఆయన నడక ఉన్నది ఆ డిస్క్‌లోనే.

పోయిన నెల దాము మంచం పట్టాడు. ఓనరు కొత్త కంప్యూటర్ కొని, ఎవరో ఇంజినీరును పిలిపించాడు. ఆయన డబ్బా విప్పి, డిస్క్ తీసి కొత్తదాంట్లో బిగించాడు. ఖాళీ అని చూపించింది. అంతే.

మీ అందరికీ గుర్తుందా? మన వీధి గ్రూపులో ఓనరు పెట్టిన మెసేజ్? "దాము పని మానేసి పోతా పోతా మీ క్యాసెట్లన్నీ చెరిపేసినాడు" అని. దాని కింద మీరు పెట్టిన కోపం బొమ్మలు నేను చూశాను. నా దగ్గర రోజూ పూలు తీసుకునేవాళ్లూ పెట్టారు.

మర్నాడు ఓనరు వాడి సామాన్లు ఒక కవర్లో ఇంటికి పంపాడు. ఒక చొక్కా, టిఫిన్ బాక్సు, ఆ నల్ల డబ్బా.

డబ్బా చూసి దాము లేచి కూర్చున్నాడు. మూడుసార్లు ఫోన్ చేశాడు. కట్ చేశారు. ఆయాసపడుతూ వాయిస్ పెట్టాడు.

"అన్నా, డిస్క్‌ని మళ్లా ఈ డబ్బాలోనే పెట్టన్నా. మామని పంపిస్తా, డబ్బా తీసుకో. కంప్యూటర్ ఏమడిగినా ఓకే నొక్కొద్దు, చెరిగిపోతాది. అన్నీ దాంట్లోనే ఉండాయి."

రెండు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు రాలేదు. ఆసుపత్రిలో కూడా వాడు ఆ ఫోనే చూస్తూ ఉండేవాడు.

నిన్న ఓనరు రోజాపూల దండ తెచ్చాడు. వేసి, పక్కకెళ్లి మా తమ్ముణ్ని అడిగాడు. "పాస్‌వర్డ్ ఏమైనా చెప్పినాడాప్పా?"

ఓనరు గారూ, పాస్‌వర్డ్ లేదు. డబ్బా ఉంది. నా పూలబుట్టలో ఉంది.

మైల తీరిన మర్నాడు నేనే తెస్తాను. అంతవరకు ఆ డిస్క్‌ని ఎవరినీ ముట్టనివ్వద్దు. క్యాసెట్లు ఇచ్చినవాళ్లందరూ రండి. మీ చేత్తోనే డబ్బాలో పెట్టి, ఆ ముసలి కంప్యూటర్‌కే గుచ్చండి. అందరి పెళ్లిళ్లూ కనిపించాక, అదే గ్రూపులో, మా వాడు ఏం చేశాడో మళ్లీ రాయండి.

వాడు చదవడు. నేను చదువుతాను.

దామూ, నాయన ఎదురొస్తాడు. దూరం నుంచే నడక చూసి గుర్తుపడతావులే.

ఇంక ఫోన్ చూడొద్దు. నిమ్మళంగా పండుకో నా బిడ్డా.